నలభై మాది, అయిదు మీది

మా ఆయనకూ మా వియ్యంకుడికీ ఏడాది పొడుగునా నడిచిన పోట్లాట ఒక్కటే. నలభై పెద్దదా, అయిదు పెద్దదా అని. ఇది కూడా ఒక లెక్కేనా అంటారు మీరు. నేనూ అట్లే అన్నాను. నేను చదివింది అయిదో తరగతి వరకే. అయిదు కన్నా నలభై పెద్దదని తెలియడానికి ఆ అయిదో తరగతి కూడా అక్కరలేదు.

జరిగిందేమిటంటే, మా ఇంటికి నెట్టు తీగ లాగిన కేబులతను నిచ్చెన దిగుతూ, "నలభై స్పీడు పెద్దాయనా, నీకింక తిరుగు లేదు" అనేసి పోయాడు. ఆ నలభైని మా ఆయన బంగారు కడియంలా చేతికి వేసుకుని తిరిగాడు. టీ అంగట్లో చెప్పాడు. గడ్డం గీయించుకుంటూ చెప్పాడు. నూలు తెచ్చుకునే చోట, మాట ఎటునుంచి ఎటు పోతున్నా దాన్ని మెడ పట్టి తిప్పి నలభై దగ్గరకు తీసుకొచ్చాడు. నలభై అంటే నలభై ఏమిటని ఎవరూ అడగలేదు. ఆ కేబులతన్ని ఆయనా అడగలేదు.

కొన్నాళ్లకు కోసిగిలో మా కోడలి పుట్టింట్లోనూ నెట్టు వేయించుకున్నారు. మా వియ్యంకుడు ఆ ముక్క చెప్పడానికే ఫోను చేశాడు. మా ఆయనకు చెవి కొంచెం మందం, ఫోను ఎప్పుడూ అరిచే పద్ధతిలోనే పెడతాడు కాబట్టి వాళ్లు మాట్లాడుకునేది వీధికంతా వినబడుతుంది.

"బావా, మాకూ నెట్టు వచ్చినాదప్పా. స్పీడు నా ఫోన్లోనే సూపిస్తాండాది. అయిదు."

"ఎంత?"

"అయిదప్పా, అయిదు."

మా ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి, దగ్గి, మళ్లీ నవ్వి అన్నాడు: "ఈడ నలభై ఉండాది బావా. మీ ఊర్లో వాన లేదంటే సరే, దేవుడి పని. నెట్టు గూడా కరువేనా? ఊర్లో జనం మూటలు గట్టుకొని సుగ్గి పనికని వలస పోతారే, వాళ్ల ఎంబడే మీ నెట్టు గూడా బస్సెక్కి పోయినాదేమో సూడుపో!"

అవతల నుంచి మా వియ్యంకుడు, "దుడ్లు ఎక్కువిచ్చి గొప్పలు కొనుక్కునేది మీ కడపోళ్ల అలవాటు లేప్పా. మా అయిదు మాకు శానా" అని పెట్టేశాడు. ఆ పొద్దు నుంచి ఆయన ఎప్పుడు ఫోను చేసినా మా ఆయన మొదటి మాట "అయిదు బాగుండాదా?" అనే.

కొలతల మీద మా రెండిళ్ల మధ్య చిక్కు అప్పుడే మొదలు కాలేదు. కోడలు కాపురానికి వచ్చిన కొత్తలో వాళ్లమ్మ ఇచ్చి పంపిన ఇత్తడి సేరుతోనే బియ్యం పోసేది. రోజూ అన్నం మిగిలేది. పిల్లకు చెయ్యి పెద్దదేమో అనుకున్నాను. తీరా రెండు సేర్లూ పక్కపక్కన పెట్టి చూస్తే వాళ్ల సేరు మా సేరు కన్నా నడుము లావు. పైగా ఆ పిల్ల గోపురం కట్టి కొలుస్తుంది, నేను చేత్తో గీసి సమంగా కొలుస్తాను. ఇద్దరమూ సేరనే అంటాం. ఇద్దరమూ అబద్ధమాడం. అన్నం మాత్రం మిగిలిపోతుంది.

సరే, అసలు కథ కోడలి మగ్గానిది.

ఎర్రగుంట్లకు దగ్గరలో మాది నేతవాళ్ల వీధి. ఇంట్లో రెండు గుంట మగ్గాలు. ఒకదాని మీద మా ఆయన నేస్తాడు. రెండోది మా అబ్బాయిది. వాడు సిమెంటు లారీ ఎక్కినప్పటి నుంచి అది ఖాళీ. ఖాళీగా ఉన్న గుంటలో సామాన్లు వేయడం మొదలైతే ఆగదు కదా. చింతపండు కుండలు నేను వేశాను. చిల్లిపడిన బిందె, విరిగిన రాట్నం, ఎవరిదో తెలియని సైకిలు చక్రం వాటంతట అవే వచ్చి చేరాయి. మా ఆయన రోజూ ఆ గుంటను చూసి ఒకటే పాట పాడేవాడు. "ఒక ట్రాక్టరు గ్రావెలు పోయించి, పైన బండలు పరిస్తే మంచి గది అయితాది. ఫ్యాక్టరీ ఫిట్టరెవరికైనా బాడిగకిద్దాం."

మా కోడలు నోరెత్తే మనిషి కాదు. కానీ ఆ పాట వచ్చినప్పుడల్లా చేతిలో ఏ పని ఉంటే ఆ పని ఆగిపోయేది. వాళ్లదీ నేతవాళ్ల ఇల్లే, మగ్గం చప్పుడులో పెరిగిన పిల్ల. కడపలో ఎక్కడో నేర్పుతుంటే పోయి కంప్యూటరులో చీరల అంచులు గీయడం నేర్చుకుంది. తను గీసిన అంచును తన కాళ్లతో తొక్కి, తన చేతులతో నేయాలని ఆ పిల్ల ఆశ. దానికి ఆ గుంట కావాలి.

కర్నూల్లో ఒక చీరల అంగడి పెద్దాయన ఆ పిల్ల గీసినవి ఎవరి ఫోనులోనో చూసి కబురు పెట్టాడు. నాలుగు నమూనా గుడ్డలు నేసి, వాటిని వెలుతురులో తిప్పి తిప్పి వీడియోలు తీసి, గీసిన బొమ్మలు కూడా కలిపి, ఏదీ కుదించకుండా నెట్టులో పంపమన్నాడు. శుక్రవారం పదకొండు గంటలకు వాళ్ల అన్నదమ్ములంతా కూర్చుని ఈ కాలానికి చీరలు ఎంచుకుంటారట. ఆలోపల వస్తే చూస్తారు, లేకుంటే లేదు.

మా ఆయన తీర్పు కూడా అప్పుడే వచ్చేసింది. "వాళ్లు తీసుకుంటే ఆ మగ్గం నీది పాపా. తీసుకోకుంటే మాత్రం గ్రావెలు దిగుతాది. మళ్లా నన్ను అడగొద్దు."

ఆ పిల్ల తల ఊపింది. మా ఆయన మధ్యాహ్నం కునుకు తీసే వేళల్లో ఆయన మగ్గం మీదే నాలుగు నమూనాలూ నేసింది. చివరిది గురువారం సాయంత్రానికి గాని తెగలేదు. ఆ సాయంత్రమే మా వియ్యంకుడు కూడా దిగాడు, బనగానపల్లె మీదుగా వచ్చాడు కాబట్టి భుజాన ఒక మామిడిపండ్ల బుట్టతో. కూతురి పని ఎట్లయినా అయితే కళ్లారా చూద్దామని వచ్చాడు. మా ఆయన ఎదురు పోయి బుట్ట అందుకుంటూ, "రా బావా. పండ్లు ఎన్ని? అయిదేనా?" అన్నాడు.

శుక్రవారం ఎండ పడగానే మిద్దె మీదకు పోయి వీడియోలు తీశాం. జరీ తళుకు పొద్దుటి ఎండలో తెలిసినట్టు దీపం కింద తెలియదు. నేను ఒక కొస పట్టుకుని అటూ ఇటూ తిప్పాను, కోడలు ఫోను పట్టుకుని చుట్టూ తిరిగింది. కిందికి వచ్చి అన్నీ కంప్యూటరులోకి ఎక్కించి, ఎందుకైనా మంచిదని ఒక పెన్‌డ్రైవులో కూడా వేసి పెట్టింది. మొత్తం పన్నెండు జీబీ అయిందని చెప్పి, "మామా, పంపేస్తాండా" అంది.

"ఆగు. వర్జ్యముండాది."

మా ఆయన గోడకు వేలాడే కాలెండరు ముందు నిలబడి ఉన్నాడు. మా ఇంట్లో కొత్త అంచుతో నేసిన మొదటి గుడ్డ వర్జ్యంలోనూ రాహుకాలంలోనూ గడప దాటదు. వాళ్ల తాతల నాటి నియమం. శుక్రవారం పదిన్నరకు రాహుకాలం వస్తుంది. వర్జ్యమేమో పది దాటితే గాని పోదు. రెంటికీ నడుమ సందు చాలా తక్కువ.

"గుడ్డ యాడికీ పోవడంలే మామా," అంది కోడలు. "గుడ్డ ఈడనే ఉంటాది. దాని బొమ్మ పోతాది, అంతే."

"గుడ్డ కన్నా ముందు పోయేది అదే గదా. అదే మొదట గడప దాటేది." మా ఆయన సుద్దముక్క తీసుకుని మగ్గం పట్టె మీద లెక్క వేయడం మొదలుపెట్టాడు. "జీబీకి ఎన్ని ఎంబీలు?"

"వెయ్యనుకో మామా."

"పన్నెండు వేలు. మనది సెకనుకు నలభై. పన్నెండు వేలను నలభై పెట్టి భాగించు. మూడు వందల సెకన్లు. అయిదు నిమిషాలు! ఆ సందులో మూడుసార్లు పంపి రావచ్చు. నువ్వు పోయి తల దువ్వుకో పాపా."

మంచం మీద కూర్చుని టీ తాగుతున్న మా వియ్యంకుడు కూడా వేళ్ల మీద ఏదో లెక్కించుకుంటున్నాడు. "బావా, నా లెక్కకు నలభై నిమిషాలు పడతాదే?"

"నీ లెక్క నీ అయిదుతో వేసింటావు. అది కోసిగిలో. ఈడ నలభై, అయిదు నిమిషాలే. మీ ఇంటి నుంచి పంపింటే సంక్రమణం దాటినా పోయేది కాదు."

మా వియ్యంకుడు టీలోకి చూసుకున్నాడు. వియ్యంకుడి ఇంట్లో టీ తాగుతూ ఎంతని తగాదా పడతాడు పాపం.

కోడలు నా వైపు చూసింది. నేను ఆయన వైపు చూశాను. లెక్క పట్టె మీద సుద్దతో తెల్లగా కనబడుతుంటే ఎవరైనా ఏమంటారు?

వర్జ్యం పోయింది. దీపం పెట్టి, కంప్యూటరుకు బొట్టు పెట్టి, కోడలు మీట నొక్కింది. తెరమీద ఒక గీత బయల్దేరింది. దాని కింద అక్షరాలు: ఇంకా నలభై నిమిషాలు.

"ఏంది నలభై?" అన్నాడు మా ఆయన, అంకె కాబట్టి ముందు సంతోషపడి. "స్పీడా?"

"కాదు మామా. నిమిషాలు."

వెంటనే కేబులతనికి ఫోను. అరిచే ఫోనే కాబట్టి మేమంతా విన్నాం.

"ఏమప్పా, నలభై అని జెప్పి ఏమిస్తాండావు నువ్వు? పన్నెండు వేలు పోవాల్నంటే అయిదు నిమిషాలు గదా?"

"పెద్దాయనా, నలభై అంటే మెగాబిట్లు. నువ్వు పంపేది మెగాబైట్లలో ఉంటాది. ఎనిమిది బిట్లయితే ఒక బైటు."

ఆ ఎనిమిది చెవిన పడగానే మా ఆయన కళ్లు వెలిగాయి. "ఎనిమిదింతలా? అయితే మాది ఎనిమిది నలభైలు... మూడొందల ఇరవయ్యా?"

"హెచ్చించేది కాదు పెద్దాయనా, భాగించాల. నలభైని ఎనిమిదితో భాగించు. అయిదు. సెకనుకు అయిదు ఎంబీలు పోతాండాయి. అంతే పోవాల."

"మరి ఆ పొద్దు నలభై అంటివే?"

"నలభయ్యే గదా ఇస్తాండేది. నేనేం తప్పు జెప్పినా?"

తప్పు లేదు నిజమే. అతను అరపావుల్లో చెప్పాడు, మేము సేర్లలో విన్నాం. ఎనిమిది అరపావులయితేనే కదా ఒక సేరు. నలభై అరపావుల బియ్యం పోశానని ఎవరైనా చెబితే వినడానికి పెద్ద జాతర భోజనంలా ఉంటుంది, వండితే అయిదు సేర్లే. నేను ఆ మాటే మా ఆయనకు చెప్పాను. ఆయన నన్ను చూడలేదు. చూసేలోపే ఇంకొకరు లేచి నిలబడ్డారు మరి.

"బావా!" మా వియ్యంకుడు టీ గ్లాసు కింద పెట్టేశాడు. "ఇంగొకసారి జెప్పమనప్పా ఆయప్పను. ఎంత? అయిదా? అయిదేనా?"

"విన్నాం లే బావా."

"ఏడాది పొడుగూతా నన్ను తింటివి గదప్పా! మా నెట్టు బస్సెక్కి పోయినాదంటివి! నా ఫోను సూపించేదీ ఎంబీలే. నీ నలభయ్యీ, నా అయిదూ ఒకటేనంట!"

సమానమని తేలితే ఇద్దరికీ సంతోషం కావాలి. ఇద్దరి ముఖాలూ మాడిపోయాయి. మా ఆయనకు నలభై పోయినందుకు బాధ. మా వియ్యంకుడికి అంతకంటే పెద్ద బాధ. ఏడాది తిట్లు పడ్డవాడికి కనీసం ఆరైనా వచ్చుండాలి కదా, గెలవడానికి.

అప్పుడు మా ఆయన ఈ భూమ్మీద ఎవరూ వేయని ప్రశ్న ఒకటి వేశాడు. "అసలు మీ అయిదూ మా అయిదూ ఒకటెట్లయితాది? మీ సేరు మా సేరు కన్నా లావు. ఈ ఇంట్లో అందరికీ తెలుసు. మీ మెగాబైటు గూడా ఏమన్నా తేడా ఉంటాదేమో?"

మా వియ్యంకుడు ఆలోచించాడు. ఆయనకూ అది న్యాయంగానే తోచింది. వాళ్ల సేరు లావన్న మాట అందులో ఉందాయె. "అయితే ఈడనే సూద్దాం. నీ నెట్టు, నా ఫోను. నీ నెట్టు, నీ ఫోను. రెండూ పక్కపక్కన పెట్టి సూద్దాం రా." ఇద్దరూ ఫోన్లు పట్టుకుని అరుగు మీదకు పోయారు. లోపల ఒక పీడ తగ్గిందని నేను తలుపు దగ్గరకు వేశాను.

గీత సగానికి చేరుతుండగా మా ఆయన మళ్లీ లోపలికి తల పెట్టాడు. గడియారం చూశాడు. పదిన్నర కావస్తోంది.

"ఆపెయ్ పాపా."

"ఏంటికి మామా?"

"రాహుకాలం వస్తాండాది. సగం మంచి గడియలో, సగం రాహువులో పోతే అది ఏమయితాదో ఎవరికి తెలుసు? ఆపి, పన్నెండు దాటినాక పంపుదాం."

"పదకొండుకే వాళ్లు కూర్చుంటారు మామా! ఆపితే మళ్లా మొదటి నుంచి పోవాల!" ఆ పిల్ల చెయ్యి మీట మీద నుంచి తీసి, కొంగులో దాచుకుంది.

మా ఆయన చెడ్డవాడు కాదు. కాని రాహుకాలంలో పంపి, వాళ్లు వద్దంటే ఆ వద్దనడం ఆయన నెత్తి మీదకు వస్తుందని భయం. నాకు అప్పుడు తట్టింది.

"ఏమయ్యా, ప్రస్థానం పెడితే పోలేదా?"

ప్రయాణం కుదిరిన రోజు గడియ బాగాలేకపోతే, మంచి గడియలోనే మన వస్తువు ఒకటి తీసుకుపోయి పక్కింట్లో పెడతాం. అంతటితో బయల్దేరినట్టే లెక్క. ఆ తర్వాత మనిషి ఎప్పుడు కదిలినా దోషం లేదు. మా ఇళ్లలో ఇప్పటికీ చేసేదే.

"ఫైలుకు ప్రస్థానమా?" అన్నాడు మా ఆయన.

"నువ్వు కాశీకి పోయేటప్పుడు నీ పంచె తీసుకపోయి పక్కింట్లో పెట్టలేదా? కాశీకి పంచె పోయినాదా, నువ్వు పోయినావా? నీకు ఆ పంచె ఎట్లనో, ఆ ఫైలుకు ఈ పుల్ల అట్ల." అని పెన్‌డ్రైవు చూపించాను.

ఆయన గడ్డం గోక్కున్నాడు. "అయితే పదిన్నర లోపల పెట్టాల. పో, పో!"

పెన్‌డ్రైవుకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా పక్కింటికి పరుగెత్తాను. పక్కింటి సాయెబులామె జొన్నరొట్టె తడుతోంది. చేతులకంతా పిండి.

"అక్కా, ఏందిది? లైటరుకు బొట్టు పెట్టినారు?"

"లైటరు కాదు చెల్లే. దీంట్లో నాలుగు చీరల నమూనాలుండాయి. ప్రస్థానం. నీ ఇంట్లో ఒక గంట ఉండనీ."

ఆమె దాన్ని ఎగాదిగా చూసింది. "నాలుగు చీరలు దీంట్లోనా! అక్కా, మీ కోడలితో జెప్పి నా బీరువా చీరలు గూడా ఇట్ల పుల్లలో పెట్టియ్యవా? ఎలుకలు సంపుతాండాయి." నవ్వుతూనే బియ్యం డబ్బా మూత మీద గిన్నె పక్కకు జరిపి చోటిచ్చింది. "ఈడ పెట్టు. ఎవరూ ముట్టరులే. పోయి మీ పని సూసుకో. మంచి జరగాల."

నేను ఇల్లు చేరేసరికి కోడలు కుర్చీలో నుంచి లేచి నిలబడి ఉంది. నేను పోయేముందు తెర మీద ఇరవై నిమిషాలని ఉంది. ఇప్పుడు ముప్పై రెండని ఉంది.

"అత్తా, తగ్గాల్సింది పెరుగుతాండాది."

ముప్పై రెండంటే పదకొండు దాటిపోతుంది. రాహువే అనుకున్నాను, ప్రస్థానాన్ని కూడా లెక్కపెట్టని మొండి రాహువు. ఇంతలో అరుగు మీద నుంచి మాటలు వినబడ్డాయి.

"నీది ఇప్పుడు రెండే సూపిస్తాండాది బావా."

"నీది మాత్రం? బిట్లల్లో పద్దెనిమిదే గదా. ఇందాక ఇరవయ్యొకటి. నీ నెట్టు సన్నబడతాండాదప్పా."

"మళ్లా నొక్కు. నేనూ నొక్కుతా. ఒకేసారి. ఊ, ఒకటి, రెండు..."

కోడలు తెర వైపు చూసింది. వాళ్లు నొక్కారు. ముప్పై రెండు ముప్పై అయిదయింది.

కొంగు నడుముకు బిగించి ఆ పిల్ల తలుపు తీసిన తీరు నాకు ఇప్పటికీ కళ్లలో ఉంది. మా ఇంటికి వచ్చినప్పటి నుంచి పిల్లి కూడా ఆమె గొంతు విని పక్కకు జరిగింది లేదు.

"నాయినా! మామా! మళ్లామళ్లా ఆ స్పీడు సూస్తాంటే, ఉండే స్పీడంతా సూసేదానికే పోతాండాది! లోపల నా పని ఆగిపోయినాది. నలభయ్యో, అయిదో తర్వాత ఇద్దరూ కూర్చొని పంచుకోండి. మీరు ఓడితే ఎవరిదీ ఏమీ పోదు. నేను ఓడితే పూడ్సేది నా గుంట. ఇట్లియ్యండి ఫోన్లు!"

వీధిలో పోతున్న మజ్జిగామె తట్ట పట్టుకుని అట్లే నిలబడిపోయింది. మా వియ్యంకుడు ఫోను ఇచ్చేశాడు. మా ఆయన, "ఒక్కసారి మాత్రం..." అన్నాడు. కోడలు చెయ్యి చాపే ఉంది. ఆయన కూడా ఇచ్చేశాడు. ఆమె రెండూ తెచ్చి నా చేతిలో పెట్టింది. ఎక్కడ పెట్టాలో తోచక, దగ్గరలో ఉన్న జొన్నపిండి డబ్బాలో వేసి మూత పెట్టి, దాని మీద నేనే కూర్చున్నాను.

గీత మళ్లీ కదిలింది. ముప్పై అయిదు కాస్తా ఇరవై అయింది, పదిహేనయింది. పెద్దమనుషులిద్దరూ లోపలికి వచ్చి, బడిలో బెంచీ ఎక్కినవాళ్లలాగా గోడకు ఆనుకుని నిలబడ్డారు. మా ఆయన నిలబడలేక మెల్లగా వెళ్లి పట్టె మీది సుద్ద లెక్కను తుండుతో తుడిచేశాడు. మా వియ్యంకుడు చూసి కూడా చూడనట్టు మామిడిపండు ఒకటి వాసన చూశాడు.

పదకొండుకు ఇంకా రెండు మూడు నిమిషాలుండగా గీత కొస తాకింది. చేరినట్టు పచ్చ గుర్తు పడింది. కోడలు కుర్చీలో కూలబడి రెండు చేతులతో ముఖం మూసుకుంది.

ఆ తర్వాతి గంట ఎట్లా గడిచిందో చెప్పడం కష్టం. అన్నం వండాను. ఉప్పు వేశానో లేదో ఈనాటికీ తెలియదు. ఎవరూ రుచి చూడలేదు.

ఉన్నట్టుండి జొన్నపిండి డబ్బా మోగింది.

మూత తీసి చెయ్యి పెడితే ముందు మా వియ్యంకుడి ఫోను వచ్చింది. అది కాదు. మళ్లీ పెడితే మా ఆయనది, పిండిలో పొర్లిన చేపలాగా. కర్నూలు నుంచే. అంగడివాళ్లకు ఇంటిపెద్ద నంబరని అదే ఇచ్చివున్నాం.

"ఎత్తొద్దు!" అన్నాడు మా ఆయన. "ఇంకా పన్నెండు కాలేదు. రాహుకాలంలో విన్న మాట..."

"రాహుకాలం పోయేదానికి గదా బావా," అన్నాడు మా వియ్యంకుడు. "వచ్చేదానికి లేదు. ఎత్తుమ్మా నువ్వు."

కోడలు ఎత్తింది. చెంపకు పిండి అంటుకుంది. అరిచే ఫోనులో అంగడి పెద్దాయన గొంతు ఇల్లంతా పలికింది.

"అమ్మా, చూసినాం. నాలుగింటిలో రెండు మాకు వద్దు, జరీ ఎక్కువయింది. ఆ చింతపిక్కల అంచుది, ఆ పలచటి గళ్లది, ఆ రెండూ బాగుండాయి. మా అన్న కంటికి ఆనినాయి. అవి తీసుకుంటాం. కాని ఒకటి, మాకు ఆలస్యం కుదరదు. ఒక్క మగ్గమయితే మీవల్ల కాదు. మీ ఇంట్లో ఎన్ని మగ్గాలు ఆడతాండాయి?"

కోడలు మామ వైపు చూసింది. మేమంతా ఆయన వైపే చూశాం.

మా ఆయన ఫోను దగ్గరకు వంగి, వీధి చివరికి వినబడేటట్టు అన్నాడు. "రెండు! రెండుండాయప్పా. రెండూ ఆడతాండాయి!"

ఫోను పెట్టేశాక ఆయన ఎవరి ముఖమూ చూడకుండా చొక్కా విప్పి మేకుకు తగిలించాడు.

"ఏం సూస్తాండారు? రెండని జెప్పేస్తిని గదా. ఆ గుంటలో సామాన్లు ఎవరు తీస్తారు? బావా, ఇట్ల రా, నువ్వు దిగు. నాకు మోకాళ్లు వంగవు."

మా వియ్యంకుడు పంచె ఎగగట్టి గుంటలోకి దిగాడు. కుండలు, బిందె, రాట్నం, సైకిలు చక్రం, ఒక్కొక్కటే అందిస్తుంటే మా ఆయన అందుకుని పెరట్లో పెడుతూ వచ్చాడు. అడుగున నా చింతపండు కుండలో తేళ్లు కాపురం పెట్టి ఉన్నాయి. దాని మీద ఇద్దరూ మళ్లీ ఒకరినొకరు కసురుకున్నారు. నాకు మాత్రం ఆ కసుర్లు చెవికి ఇంపుగానే ఉన్నాయి.

గుంట అడుగు ఊడ్చేసరికి పొద్దు తిరిగింది. కోడలు వచ్చి అంచున కూర్చుని, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, కాళ్లు లోపలికి దింపింది. మా అబ్బాయి పొడుగరి. వాడి కాళ్లకు సరిపడా కట్టిన తొక్కుడు పలకలు ఆ పిల్ల పాదాలకు అందలేదు. మునివేళ్లు చాచినా ఇంకా బెత్తెడు కింద ఉన్నాయి.

"అందవులే మామా," అంది, నవ్వాలో వద్దో తెలియక.

మా ఆయన తాడు అందుకుని గుంట పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. వంగవని చెప్పిన మోకాళ్లే.

"పైకి కడతాండాగదా. కాళ్లు తియ్యొద్దు, అట్లే పెట్టుకో. ఎంతకు కావాల్నో నువ్వే జెప్పు."